తక్కువ బడ్జెట్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు ఎక్కడ దొరికిపోతున్నాయి?

గల్లీరీల్ (ప్రశ్న):

యూట్యూబ్‌లో, ఓటీటీల్లో వచ్చిపడుతున్న చిన్న గ్యాంగ్‌స్టర్ సినిమాలన్నిటికీ ఒకే జబ్బు కనిపిస్తోంది. పోస్టర్ బాగుంటుంది, ట్రైలర్ బాగుంటుంది, పదో నిమిషంలో మొదటి ఫైట్ రాగానే తేలిపోతుంది. "డబ్బు లేదు కదా" అనే జవాబు అందరికీ తెలిసిందే. ఏ షాట్ దగ్గర, ఏ శబ్దం దగ్గర, ఏ డైలాగు దగ్గర ప్రేక్షకుడు వీళ్లను నమ్మడం మానేస్తాడో, దాన్ని సరిచేసే దారేంటో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మా లెక్క ఇదీ: 100 నిమిషాల సినిమా, 24 రోజుల షూటింగ్, అంతా కలిపి 60 లక్షలు. కెమెరా సోనీ ఎఫ్‌ఎక్స్3 ఒక్కటే. కథ హైదరాబాద్ శివార్లలో, ఇప్పటి కాలంలో. రెండు ఫైట్లు, ఒక కాల్పుల సీను, ఒక కారు ఛేజ్, ఒక హత్య ఉన్నాయి. ఫైట్ మాస్టర్‌ను మూడు రోజులకు మించి పెట్టుకోలేం. గ్యాంగ్‌లో మాట్లాడే పాత్రలు ఏడు, జూనియర్ ఆర్టిస్టులు రోజుకు పదిమంది.

ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఏది స్క్రిప్టులోంచే లేపేయాలి?

ఎడిట్‌టేబుల్:

ముందు ఛేజ్ లేపేయండి. రోడ్డు ఆపే పర్మిషన్ లేకుండా ఒక్క కెమెరాతో తీసిన ఛేజ్‌లో రెండు కార్లూ ఒకే ఫ్రేములోకి రావు. స్టీరింగ్ క్లోజప్, గేరు క్లోజప్, టైరు క్లోజప్, మళ్లీ స్టీరింగ్. బండి 40 దాటలేదని కిటికీలో కదిలే చెట్లే చెప్పేస్తాయి. దాని బదులు ఇరుకు సందులో ముందొక బండి, వెనకొక బండి అడ్డం పెట్టి కారును ఆపేసే సీను రాసుకోండి. ఒక్క రాత్రిలో అయిపోతుంది. లోపల కూర్చున్నవాడి భయం కూడా ఛేజ్‌లోకంటే బాగా పండుతుంది.

ఇక ఫైట్లు. దెబ్బ తగిలినట్టు అనిపించకపోతే అందరూ నటుల్ని తిడతారు. నిజానికి తప్పు చాలాసార్లు కెమెరా నిలబెట్టిన చోటులో ఉంటుంది. పిడికిలికీ దవడకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఖాళీ ఉంటుంది, ఉండాలి కూడా. ఆ ఖాళీ కనపడకూడదంటే కెమెరా, పిడికిలి, దవడ ఒకే గీత మీదికి రావాలి. అంటే కొట్టేవాడి భుజం వెనకనుంచో, దెబ్బ తినేవాడి భుజం వెనకనుంచో తీయాలి. ఇద్దర్నీ పక్కనుంచి తీశారా, ఖాళీ మొత్తం తెర మీద పరిచినట్టే. కెమెరా కొంచెం దూరం జరిగి 85 ఎంఎం లెన్సు వేస్తే లోతు అణిగిపోతుంది. దగ్గరికెళ్లి 24 ఎంఎం వైడ్ లెన్సు వేస్తే అదే ఖాళీ రెట్టింపు కనిపిస్తుంది. నేరుగా పొడిచే పంచ్ కంటే అడ్డంగా తిరిగే హుక్ కెమెరాకు బాగా అమ్ముడుపోతుంది, ఎందుకంటే పిడికిలి ముఖాన్ని దాటుకుంటూ ఫ్రేములో ఈ చివరనుంచి ఆ చివరకు పోతుంది.

ప్రతి దెబ్బకూ మూడు భాగాలు కావాలి: చెయ్యి వెనక్కి తీయడం, తగలడం, తిన్నవాడి ఒళ్లు స్పందించడం. చిన్న సినిమాల్లో మూడోది కత్తిరించేస్తున్నారు. తగిలిన ఫ్రేములోనే కట్ చేసి ఇంకో మనిషి మీదికి వెళ్లిపోతారు. దెబ్బ బరువంతా మూడో ముక్కలోనే ఉంటుంది, దానికి పది పన్నెండు ఫ్రేములైనా ఉంచండి. ఒక యాంగిల్ నుంచి ఇంకో యాంగిల్‌కు కట్ చేసేటప్పుడు చెయ్యి ప్రయాణంలో రెండు మూడు ఫ్రేములు రెండో షాట్‌లో మళ్లీ రానివ్వండి. లెక్కప్రకారం అది తప్పే, కంటికి మాత్రం దెబ్బ గట్టిగా పడినట్టుంటుంది. పాత హాంకాంగ్ ఫైట్ల నుంచి వచ్చిన పద్ధతి.

షటర్ సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే సెకనుకు 24 ఫ్రేముల్లో మామూలు సీన్లకు షటర్ 1/50 సెకను పెట్టండి. 1/48 దగ్గర ఉంచితే కొన్ని ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు మెల్లగా అలలు కొడతాయి. ఫైట్‌కు 1/100కి వెళ్లండి. కదలికలో మసక తగ్గి దెబ్బ పదునుగా కనిపిస్తుంది, లైటు వెలుగులో ఒక స్టాప్ (అంటే సగం) పోతుంది కాబట్టి దానికి సిద్ధంగా ఉండండి. నటులు మెల్లగా ఉంటే ఎడిటింగ్‌లో ఆ షాట్ వేగం కొంచెం పెంచండి. తొమ్మిది శాతం దాకా పెంచినా ఎవరికీ తెలియదు. ఇరవై శాతం పెంచితే నడక మూకీ సినిమాలా అయిపోతుంది. హైస్పీడ్ షాట్లు 100, 120 ఫ్రేముల్లో తీయాలనుకుంటే లొకేషన్‌లోని ట్యూబ్‌లైట్లన్నీ ఆపేసి మీ లైట్లే వాడండి, లేకపోతే వచ్చే ఫ్లికర్‌ను డీఐలో (చివర్లో రంగులు దిద్దే దశలో) పోగొట్టడం చాలా కష్టం.

మూడు రోజుల ఫైట్ మాస్టర్‌ను ఇలా వాడండి: మొదటి రోజు కెమెరా వద్దు, గోడౌన్‌లో ఫోన్‌తో రిహార్సల్ తీసి ఆ రాత్రే ఎడిట్ చేసుకోండి. ఆ ఎడిట్‌లో వాడిన యాంగిల్సే మిగతా రెండు రోజులూ తీయండి. అలా కాకుండా ఫైట్ మొత్తాన్ని నాలుగు వైపులనుంచీ కవర్ చేద్దామనుకుంటే సాయంత్రానికి నటులు అలిసిపోతారు, అసలు షాట్లు అప్పుడే తీయాల్సొస్తుంది.

డమ్మీగన్:

కాల్పుల సీను గురించి. మొదటి మాట: పేలేది ఏదీ సెట్ మీదికి తేవద్దు. బ్లాంకులు (బుల్లెట్ లేకుండా మందు మాత్రమే ఉన్న తూటాలు) కూడా వద్దు. బ్లాంక్ పేల్చే ఆయుధాలు లైసెన్సు వ్యవహారం, పైగా అనుభవమున్న ఆర్మరర్ (సెట్‌లో ఆయుధాలు చూసుకునే మనిషి) లేకుండా ముట్టుకోదగ్గవి కావు. 1993లో అమెరికాలో నటుడు బ్రాండన్ లీ షూటింగ్‌లో చనిపోయింది ఇలాగే. అంతకుముందు డమ్మీ తూటా ముక్క ఒకటి బ్యారెల్‌లో ఇరుక్కుంది. తర్వాత పేల్చిన బ్లాంక్ దాన్ని నిజమైన బుల్లెట్‌లా బయటికి తోసింది. మీకు కావాల్సిన మెరుపు, పొగ, శబ్దం మూడూ పోస్ట్‌లో వస్తాయి.

డమ్మీలతో దొరికిపోయేది బరువు దగ్గర. నిండా తూటాలున్న పిస్టల్ దాదాపు కిలో తూగుతుంది. ఫైబర్ డమ్మీ రెండు వందల గ్రాములు కూడా ఉండదు, అందుకే నటుడు దాన్ని ఫోన్ తిప్పినట్టు తిప్పుతాడు. పిడిలో సీసం గుళ్లో ఇనప ముక్కలో నింపి అంటించేయండి. చేతి నరం మీద ఆ బరువు కనిపించాలి. క్లోజప్‌కు లోహపు డమ్మీ ఒక్కటి చాలు, దూరం షాట్లకు ఫైబర్‌వి.

తరచూ కనిపించే తప్పులు వరసగా చెప్తాను. రివాల్వర్ పేల్చగానే పక్కకు ఖాళీ తూటా తొడుగు ఎగిరిపడటం: రివాల్వర్‌లో ఖాళీ తొడుగులు సిలిండర్‌లోనే ఉండిపోతాయి, ఎగిరేది పిస్టల్‌కే. రివాల్వర్‌కు సైలెన్సర్: సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందులోంచి వాయువు, శబ్దం బయటికి వచ్చేస్తాయి, పాత రష్యన్ నాగాంత్ లాంటిది తప్పిస్తే అది పనిచేయదు. పిస్టల్‌కు బిగించినా "తుప్" అని రాదు, గదిలో ఉన్న అందరికీ వినిపిస్తుంది. ప్రతి బెదిరింపుకూ పిస్టల్ పైభాగం, అదే స్లయిడ్, వెనక్కి లాగడం ఇంకొకటి: ఇప్పటికే లోడై ఉంటే అలా లాగిన ప్రతిసారీ ఒక మంచి తూటా కిందపడాలి. ఏకే రైఫిల్ మ్యాగజైన్‌లో 30 తూటాలు, నిమిషానికి సుమారు 600 వేగం, అంటే వేలు తీయకుండా నొక్కితే 3 సెకన్లలో ఖాళీ. తెలుగు చిన్న సినిమాలో అది అరనిమిషం మోగుతుంది. బుల్లెట్ తగిలినవాడు గాల్లోకి ఎగరడు, ఉన్నచోటే కూలబడతాడు. కారు తలుపు చాటున దాక్కుంటే లాభం లేదు, ఇంజన్ ఉన్న వైపు దాక్కోవాలి.

మజిల్ ఫ్లాష్ (తుపాకీ గొట్టం చివర వచ్చే మెరుపు) ఒక్క ఫ్రేమే ఉంచండి. 24లో ఒక ఫ్రేమంటే 42 మిల్లీసెకన్లు, నిజం మెరుపు అంతకంటే చాలా తక్కువ. దాన్ని మూడు నాలుగు ఫ్రేములు ఉంచడంవల్లే స్టిక్కర్ అంటించినట్టుంటుంది. అదే ఒక్క ఫ్రేములో పేల్చేవాడి ముఖాన్నీ, పక్క గోడనూ కూడా వెలిగించమని సీజీ కుర్రాడికి చెప్పండి. సెట్‌లో ఫోటోల ఫ్లాష్ కొట్టి ఆ వెలుగు తెప్పిద్దామనుకోకండి, మీ కెమెరాలోని సీమాస్ సెన్సర్ బొమ్మను వరసలవారీగా చదువుతుంది కాబట్టి చాలాసార్లు సగం ఫ్రేమే తెల్లబడుతుంది. పట్టపగలు ఎండలో అయితే మెరుపు దాదాపు కనపడనే కనపడదు, అక్కడ కొంచెం పొగ, నటుడి భుజంలో కుదుపు చాలు.

అసలు హైదరాబాద్ శివార్ల చిల్లర గ్యాంగ్ చేతిలో ఆటోమేటిక్ పిస్టల్ ఎందుకు? బీహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల తయారై చేతులు మారే నాటు తుపాకీ ఇవ్వండి. ఒక్కసారి పేలితే మళ్లీ తెరిచి తూటా పెట్టాలి. ఒకే తూటా ఉన్నవాడు, ఎదురుగా ముగ్గురు. కాల్పుల సీను ఖర్చు సగానికి తగ్గుతుంది.

బయట లొకేషన్లో డమ్మీ బయటికి తీసేముందు ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, ముద్ర వేయించిన కాపీ ప్రొడక్షన్ మేనేజర్ జేబులో ఉంచాలి. షాట్ లేనప్పుడు డమ్మీలు పెట్టెలో తాళం వేసి ఉండాలి. దారిన పోయేవాడు 100కి ఫోన్ కొడితే ఆ రోజు కాల్షీట్ గోవిందా.

రాజా_ఫస్ట్‌షో:

ఇంత లెక్కలెందుకు బ్రో. రాబర్ట్ రోడ్రిగెజ్ 1992లో 7 వేల డాలర్లతో తుపాకుల సినిమా తీసి హాలీవుడ్ వెళ్లిపోయాడు. కంటెంట్ ఉంటే చాలు.

మిక్సింగ్‌రూమ్:

రాజా గారూ, ఆ 7 వేల డాలర్ల కథ సగమే చెప్తారు అందరూ. అది షూటింగ్, వీడియో ఎడిట్ దాకా అయిన ఖర్చు. తర్వాత హాలీవుడ్ స్టూడియో కొలంబియా వాళ్లు కొని, థియేటర్ ప్రింటుకూ కొత్త సౌండుకూ దానికి ఎన్నో రెట్లు పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అక్కడి పోలీసుల దగ్గర అరువు తెచ్చిన నిజం తుపాకుల్లో బ్లాంక్ పెడితే ఒక్కసారి పేలి ఇరుక్కుపోయేది. ఒక్కో పేలుడునూ వేరే వేరే యాంగిల్స్‌లో తీసి, మధ్యలో తూటాలు తగిలినవాళ్ల షాట్లు వేసి, మీద మెషిన్ గన్ శబ్దం పరిచాడు. అంటే ఆ తుపాకీని నమ్మించింది ఎడిటింగూ సౌండూ.

గల్లీరీల్ గారూ, మీ 60 లక్షల్లో సౌండ్‌కు ఎంత రాసుకున్నారో చెప్పలేదు. చెప్పలేదంటే రాసుకోలేదని అర్థం. చిన్న గ్యాంగ్‌స్టర్ సినిమా కళ్లు మూసుకుని వింటే పదిహేను సెకన్లలో దొరికిపోతుంది. మనుషులు గోడౌన్‌లో ఉంటారు, గొంతులు డబ్బింగ్ బూత్‌లో ఉంటాయి. కారణం ఇది: డబ్బింగ్ శుభ్రంగా రికార్డ్ చేస్తారు, దానికి గది గొంతు కలపరు. ప్రతి లొకేషన్‌లో ప్యాకప్‌కు ముందు అందర్నీ నిలబెట్టి ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డ్ చేయండి. తర్వాత ఒకసారి చప్పట్లు కొట్టి ఆ ప్రతిధ్వని కూడా రికార్డ్ చేయండి. మిక్సింగ్‌లో కలిపే ప్రతిధ్వనిని (రివర్బ్) ఆ చప్పట్ల పక్కన పెట్టి సరిపోల్చుకోవచ్చు. షట్టర్ దించడం, ఇనప గేటు, చెప్పుల నడక, బుల్లెట్ బండి స్టార్ట్ అవ్వడం: ఇవన్నీ అక్కడే విడిగా తీసుకోండి. జనరేటర్‌ను దూరంగా, గోడ చాటున పెట్టించండి.

పంచ్ శబ్దం ఒక్క ఫైల్ వేస్తే కార్టూన్ వస్తుంది. నాలుగు పొరలు కావాలి: చెయ్యి గాల్లో కదిలిన శబ్దం, చర్మం మీద చప్పుడు, కింద బరువైన దెబ్బ, చొక్కా రాపిడి. తగిలిన ఫ్రేము మీదే పెట్టండి, ఒక ఫ్రేము ఆలస్యమైనా పర్లేదు. ముందు పడితే మాత్రం చెవి వెంటనే పట్టేస్తుంది. ఫైట్‌లో ఇరవై దెబ్బలుంటే ఇరవైకీ ఒకే మోత వద్దు. రెండింటిని పెద్దవిగా ఎంచుకుని, మిగతా పద్దెనిమిదీ మూడో వంతుకు తగ్గించండి.

తుపాకీ శబ్దంలో మొదటి "ఢాం" కంటే దాని తోక ముఖ్యం. సందులో పేలితే గోడలు రెండు మూడుసార్లు తిరిగి చెప్తాయి, పొలంలో పేలితే దూరంగా దొర్లుకుంటూ పోతుంది, చిన్న గదిలో అయితే చెవులు గింగురుమంటాయి. మన సినిమాల్లో మూడింటికీ ఒకే ఫైల్.

ఇక అసలు రోగం బీజీఎం. టైటిల్స్ నుంచీ బేస్ దద్దరిల్లుతుంటే తుపాకీ పేలినప్పుడు పైకి వెళ్లడానికి చోటే మిగలదు. డిజిటల్‌లో శబ్దం మీటరు మీద సున్నా దాటి పోలేం కదండీ. కాల్పులకు రెండు మూడు సెకన్ల ముందు మ్యూజిక్ పూర్తిగా తీసేయండి. ఫ్యాన్ తిరిగే శబ్దం, ఎవరో గొంతు సవరించుకోవడం, అప్పుడు పేల్చండి. మ్యూజిక్ డైరెక్టర్ అలుగుతాడు, అలగనివ్వండి. ఎలివేషన్ బీజీఎం సినిమా మొత్తంలో మూడు చోట్లకు మించి వద్దని ముందే ఒప్పందం చేసుకోండి.

మీ బడ్జెట్‌లో ఎఫెక్ట్స్, ఫోలీ (నడక, రాపిడి లాంటి శబ్దాలు స్టూడియోలో చేసి రికార్డ్ చేయడం), మిక్సింగ్ కలిపి ఆరేడు లక్షలు పక్కన పెట్టి, షూటింగ్‌లో ఎంత ఇరుకొచ్చినా అందులో చెయ్యి పెట్టకండి. హెడ్‌ఫోన్స్‌లో చేసిన స్టీరియోను చివర్లో 5.1 సరౌండ్‌కి సాగదీస్తే థియేటర్లో మాటలు మునిగిపోయి బేస్ బురదలా ఉంటుంది. కనీసం ఆఖరి రెండు రోజులు సరైన మిక్సింగ్ థియేటర్లో కూర్చోండి.

బస్తీబాత్:

అన్నలు చెప్పిందంతా కరెక్టే. కానీ అది తీసినంక దొరికిపోయే ముచ్చట. చాలా సినిమాలు రాసేటప్పుడే దొరికిపోతున్నయ్. నేను ఒక్కటే అడుగుత: మీ గ్యాంగ్ ఏం చేసి బతుకుతది? పైసలు ఎక్కడికెళ్లి వస్తున్నయ్, నెలకెంత, ఎవరికెంత పంచుతరు? ఈ సినిమాల్ల డాన్ ఉంటడు, సోఫా ఉంటది, వెనకాల నలుగురు నల్లద్దాలోళ్లు నిలబడ్డరు. దందా ఏందో ఎవ్వరికీ తెల్వదు. "ఈ సిటీ నాది" అంటడు. సిటీల ఏ గల్లీ నీదో చెప్పు ముందు.

దందాలు మన దగ్గర కరువా? శివార్లల్ల ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసుడు, జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) కాగితం మీద కబ్జా, దాని మీద సెటిల్‌మెంట్. విజయవాడల 2015 డిసెంబర్‌ల బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం చూడుండ్రి: చిన్న వ్యాపారులకు, ఆడోళ్లకు అధిక వడ్డీకి అప్పు, ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్లు, తర్వాత బెదిరింపు. అటు శేషాచలంల ఎర్రచందనం, ఇటు ఆంధ్రా ఒడిశా బార్డర్ కెళ్లి గంజాయి. వీటిల ఏదన్న ఒక్కటి పట్టుకుని, అది రోజువారీ ఎట్ల నడుస్తదో చూపిస్తే కథకు సగం బలం అక్కడనే వస్తది. కాల్ మనీ కథకు కావాల్సింది ఒక ఫైనాన్స్ ఆఫీసు, ఒక బీరువా, సంతకం పెట్టిన ఖాళీ చెక్కుల కట్ట. సెట్టు ఖర్చు లేదు. బీరువాకెళ్లి ఒక చెక్కు తీసి టేబుల్ మీద పెడితే ఎదురుగున్నోని ముఖం మాడిపోతది, గన్ను అవసరమే లేదు.

డాన్ ఇంటికి కిరాయి బంగ్లా తీసుకోకుండ్రి. ఆడ షూటింగ్ అయిన పది సినిమాలు జనం చూసే ఉంటరు. రియల్ ఎస్టేట్ ఆఫీసుల కూసోబెట్టుండ్రి: గోడ మీద లేఅవుట్ మ్యాపు, అమ్ముడుపోయిన ప్లాట్ల మీద ఎర్ర స్టిక్కర్లు, మూలకు నీళ్ల క్యాన్. ఏడుగురు ఏడు వందల మంది లెక్క కనపడాల్నంటే వైడ్ షాట్ల వరసగా నిలబెట్టొద్దు. ముందు ఒకని భుజం మసగ్గ, వెనక తలుపు సందులకెళ్లి ఇద్దరు, బయటకెళ్లి బండ్లు ఆగిన చప్పుడు, ఫోన్ల "అన్నా, కింద ఉన్నం" అని ఒక గొంతు. సౌండన్న చెప్పిన పని ఇక్కడ కూడ పనికొస్తది. పదిమంది జూనియర్లకు నల్ల చొక్కా యూనిఫాం చేయొద్దు, క్యాటరింగోళ్ల లెక్క ఉంటరు. ఒకడు లుంగీ, ఒకడు ఆఫీసు ప్యాంటు, ఒకడు క్రికెట్ జెర్సీ, ఒకడు హెల్మెట్ తియ్యకుంట.

ఇగ పోలీసులు. ఇప్పటి కథ అంటున్నరు కదా, ఐతే "302 పెడత బిడ్డా" అని రాయొద్దు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత నడుస్తుంది. హత్యకు 103, బెదిరించి వసూలుకు 308, ముఠా నేరాలకు 111. పాత అలవాటు మీద 302 అనే ముసలి క్యారెక్టర్ ఒకడుంటే ఉండనియ్యుండ్రి, అది బాగనే ఉంటది, ఎస్సై నోట మాత్రం రావొద్దు. హైదరాబాద్ కమిషనరేట్‌ల డీఎస్పీ లా అండ్ ఆర్డర్ చూసుడు ఉండదు, ఏసీపీ ఉంటడు. డీఎస్పీ జిల్లాలల్ల. భుజం మీద చూసుకోండ్రి: ఎస్సైకి రెండు నక్షత్రాలు, ఇన్‌స్పెక్టర్‌కు మూడు, ఇద్దరికీ ఎరుపు నీలం రిబ్బన్ ఉంటది. ఏసీపీకి మూడు నక్షత్రాలే కానీ రిబ్బన్ ఉండది. కిరాయి డ్రెస్సులోడు ఏదిస్తే అది తొడిగితే కానిస్టేబుల్ ఇంట్లోళ్లు కూడ నవ్వుతరు.

రౌడీ అనంగనే ఎన్‌కౌంటర్ బెదిరింపు ఒక్కటే తెలుసు మన రైటర్లకు. నిజంగ రౌడీషీటర్‌ను భయపెట్టేది పీడీ యాక్ట్, ముందస్తుగ నిర్బంధించే 1986 నాటి చట్టం. గూండాలు, భూకబ్జాదారులు, డ్రగ్స్ దందా చేసేటోళ్లు దాని కిందికి వస్తరు, ఏడాది దాక లోపల ఉంచొచ్చు. "ఈసారి పీడీ పెడ్తున్నరంట" అని గ్యాంగ్‌ల ఒకడు చెవుల ఊదుతే చాలు, మిగిలినోళ్లు ఒకరి మీద ఒకరు అనుమానం పడుడు మొదలువెడ్తరు. కథ అక్కడికెళ్లి నడుస్తది, రూపాయి ఖర్చు లేదు. ఫోన్లు కూడ చూసుకోండ్రి. హత్య చేసినంక సిమ్ము ఇరగ్గొట్టి అదే ఫోన్ల కొత్త సిమ్మేసుకుంటరు హీరోలు. ఫోన్‌కుండే ఐఎంఈఐ నంబరు మారది కదా, కొత్త సిమ్ వేసినా దొరుకుతరు. దాన్ని మీ కథల తప్పు లెక్క కాకుంట క్యారెక్టర్ చేసిన తప్పు లెక్క వాడుకుంటే మంచి మలుపైతది.

ఇగ హీరో చేతి ఆయుధం. 1989ల శివ సినిమా చిన్న బడ్జెట్ది కాదు, కానీ జనానికి గుర్తుండిపోయింది సైకిల్ చైన్. ఎవరింట్లనైన ఉండే వస్తువు కాబట్టి దెబ్బ ఎట్ల తగులుతదో చూసేటోనికి తెలుసు. మీ కథ జరిగే జాగల దొరికేది ఏందో చూడుండ్రి: సెంట్రింగ్ రాడ్, షట్టర్ లాగే కొక్కెం, బోర్ మోటర్ తాడు.

గల్లీరీల్:

అందరికీ థ్యాంక్స్. ఛేజ్ పోయింది, సందులో కారు సీను రాస్తున్నా. బస్తీబాత్ అన్నా, కథలో దందా భూమిదే, డబుల్ రిజిస్ట్రేషన్ లైన్ బాగా కుదిరేలా ఉంది. ఇంకో రెండు అడుగుతా. ఈ సందు సీను, హత్య రెండూ రాత్రివే. మాకున్నది 600 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి, చిన్న ట్యూబులు నాలుగు. రాత్రి తీసినవన్నీ నీలం నీలంగా, గరుకుగా వస్తాయని భయం. రెండోది, నెత్తురు. షాపు నెత్తురు తెర మీద గులాబీ రంగులో ఎందుకుంటుంది?

నైట్‌ఎఫెక్ట్:

గరుకు రావడానికి సగం కారణం ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) ఎంపిక. ఎఫ్‌ఎక్స్3లో ఎస్‌లాగ్3కి (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా తీసే మోడ్) నాయిస్ తక్కువగా వచ్చే బేస్ ఐఎస్‌ఓలు రెండు ఉన్నాయి, 800, 12800. చాలామంది భయపడి 4000, 6400 దగ్గర ఆగిపోతారు. అక్కడ నాయిస్ 12800 కంటే ఎక్కువ. రాత్రి నేరుగా 12800కి వెళ్లి, వెలుగు ఎక్కువైతే ఎన్‌డీ (వెలుగు తగ్గించే ఫిల్టర్) వేసుకోండి. తక్కువ ఎక్స్‌పోజ్ చేసి డీఐలో లేపొద్దు, సెట్‌లోనే ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చి డీఐలో దించండి.

600ని దూరంగా, ఎత్తున, సందు ఆ చివర వెనకనుంచి వేయండి, కెమెరా వైపునుంచి కాదు. మనుషుల అంచులు వెలుగుతాయి, ముఖాలు సగం చీకట్లో ఉంటాయి. లైటు మీద నీలం జెల్ (రంగు కాగితం) తీసేయండి. చంద్రుడి వెలుగు నీలమని సినిమాలు నేర్పిన అలవాటు. మన సందుల్లో సోడియం పసుపు, తెల్ల ఎల్‌ఈడీ వీధిలైట్లు, పాన్ డబ్బా ట్యూబు కలిసి ఉంటాయి, మీ నాలుగు ట్యూబుల్నీ ఆ రంగుల్లోనే అక్కడక్కడ దాచండి. షాట్‌కు ముందు నేల తడపండి. తడి నేల ప్రతి లైటునూ రెండుసార్లు చూపిస్తుంది, అంత చవకైన రెండో లైటు దొరకదు. ఒక నీళ్ల ట్యాంకర్ ఒక రాత్రికి సరిపోతుంది. వేసవిలో అరగంటకోసారి మళ్లీ చల్లాలి, కంటిన్యుటీ వాడికి ఆ పని అప్పజెప్పండి. కారు ఛాసిస్ కింద, జనరేటర్ కేబుల్ జాయింట్ల దగ్గర మాత్రం తడి చేరనీయకండి.

నెత్తురు గులాబీగా కనిపించడానికి కారణం: షాపు రంగు పలచగా, పారదర్శకంగా ఉంటుంది, తెల్ల ఎల్‌ఈడీ దానిగుండా పోయి వెనక చర్మాన్ని చూపిస్తుంది. ఇంట్లోనే చేసుకోండి. ఒక లీటరు చిక్కటి పంచదార పాకం లేదా లిక్విడ్ గ్లూకోజ్, 30 మి.లీ. ఎర్ర ఫుడ్ కలర్, ఒక చెంచా కోకో పొడి కొంచెం వేడినీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చివర్లో నీలం రంగు రెండు మూడు చుక్కలు. కోకో వల్ల లోపలికి కనపడకుండా చిక్కబడుతుంది, నీలంవల్ల నారింజ ఛాయ పోతుంది. చొక్కాల మీద వేసేదాంట్లో కొంచెం బట్టలుతికే లిక్విడ్ కలిపితే మరక సులువుగా వదులుతుంది. నోట్లోంచి కారేదానికి విడి సీసా పెట్టి పేరు రాయండి, అందులో లిక్విడ్ కలపకూడదు. షూట్‌కు ముందే మీ లైటు కింద, మీ కెమెరాతో ఒకసారి చూసుకోండి. పాకం కాబట్టి చీమలు పడతాయి, పది నిమిషాల్లో చొక్కా వంటికి అతుక్కుంటుంది, తడిగుడ్డలు దగ్గరుంచండి. నల్లచొక్కా మీద ఎంత పోసినా కనపడదు, చచ్చేవాడికి లేత రంగు తొడగండి. అవే చొక్కాలు మూడు కొనాలి: శుభ్రమైనది, మరకది, రీటేక్‌ది. ఈ మూడో చొక్కా కొనక చాలామంది ఒక్క టేక్‌తో సరిపెట్టుకుంటారు.

తూటా తగిలి నెత్తురు చిమ్మాలంటే స్క్విబ్‌లు (చొక్కా కింద పెట్టే చిన్న పేలుడు పొట్లాలు) వద్దు. చొక్కా లోపల సన్నటి ట్యూబు అంటించి, వెనకనుంచి ప్యాంటులోంచి బయటికి తెచ్చి, 50 మి.లీ. సిరంజీతో ఒక్క నొక్కు. తగిలే చోట చొక్కాను లోపలివైపునుంచి బ్లేడుతో గీకి పలచన చేయాలి, లేకపోతే లోపలే నానుతుంది తప్ప చిమ్మదు. నొక్కేవాడూ నటుడూ ఒకే అంకెకు కదలాలి. ఒకటి, రెండు, మూడు అని ఎవరైనా పైకి చెప్పండి, ఎలాగూ డబ్బింగే కదా.

రిలీజ్‌శుక్రవారం:

ఒక్క మాట కలుపుతా, ఇది షూటింగ్‌కు ముందే తెలియాలి. నెత్తురు, బూతులు చూసి సెన్సార్ "ఏ" ఇస్తే ఆ సినిమాను టీవీలో అలాగే వేయడానికి లేదు. కట్స్‌తో మళ్లీ యూఏ తెచ్చుకోవాలి. 2024 నుంచి యూఏలోనే 7+, 13+, 16+ అని మూడున్నాయి, మీరు 16+ గురిపెట్టి తీయండి. హత్య షాట్‌ను రెండు రకాలుగా తీసి ఉంచండి: కత్తి దిగేది ఒకటి, అదే సమయంలో పక్కవాడి ముఖం ఒకటి. రెండోది లేకపోతే కట్ పడిన చోట సీను గెంతుతుంది.

సిగరెట్లు తగ్గించండి. కనపడినంతసేపూ తెర మీద హెచ్చరిక అక్షరాలు ఉండాలి. మొదట్లో, మధ్యలో 30 సెకన్ల చొప్పున ప్రకటన, 20 సెకన్ల డిస్‌క్లెయిమర్ కూడా తప్పవు. 2023 సెప్టెంబర్ నుంచి ఓటీటీకి కూడా ఇదే రూలు. డాన్ ఎంట్రీ షాట్ కింద "పొగ తాగడం హానికరం" అని పడుతుంటే ఎలివేషన్ ఏమవుతుందో ఊహించుకోండి. పల్లీలు నమలనివ్వండి చాలు.

బూతు డైలాగులకు మెత్తటి వెర్షన్ డబ్బింగ్ రోజే చెప్పించేయండి, పెదాల కదలికకు సరిపోయే మాటలు ఎంచి కాగితం మీద రాసుకుని వెళ్లండి. సెన్సార్ అయ్యాక అదే ఆర్టిస్టును మళ్లీ బూత్‌కు పిలిస్తే కొత్తగా డేటు, కొత్తగా పేమెంటు, అప్పటికి మీ దగ్గర పైసా ఉండదు.